పంది వాసనొచ్చిన మానిటర్

పండగ పూట కరెంటు పోయింది. మా దుమగెటే ఊరి సంత వెనక సందులో, సెలింగ్ పిన్ని కంప్యూటర్ షాపు ముందు బల్ల మీద వేడి చాక్లెట్ సిక్వాటే తాగుతూ కూచున్నాం. రోవెలిన్ మాత్రం కప్పు ముట్టలేదు. సాయంత్రం రేవు వీధి వాళ్లతో కంప్యూటర్లో తుపాకుల ఆట, మా జట్టుకి కెప్టెన్ తనే. గెలిచిన వీధికి కాల్చుకు తినడానికి నిలువెత్తు పంది. పోయినేడు తెర మీద బొమ్మ గెంతి గెంతి, ఎదుటోడు కనపడేలోపే మనవాళ్లు చచ్చారు. ఈసారి పిన్ని కొత్త మానిటర్లు కొన్నా నిన్నటిదాకా అదే గెంతు.

"దిగులెందుకే పిల్లా, పొద్దున్నే బాగుచేసేశాగా!" అన్నాడు టిబుర్సియో అన్న. షాపులో మిషన్లు చూసేది ఆయనే. ఆయన నోటిని మాత్రం ఎవరూ పట్టలేరు.

"ఆ మానిటర్ సెకనుకి నూట నలభై నాలుగుసార్లు బొమ్మ మార్చగలదు. మీరేమో తెచ్చి పెట్టి ఊరుకున్నారు. లోపల సెట్టింగు అరవై దగ్గరే ఉంది. ఎద్దుని కొని కొట్టంలో కట్టేసి, బండి మనమే లాక్కున్నట్టు! నేనెళ్లి నూట నలభై నాలుగు చేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బాగైపోయింది," అంది పిన్ని.

"బాగవడమేంటి వదినా, అంత చిన్నమాటా! చెయ్యి ఊరుకోక మూడొందలకి పెంచా. పరీక్షకని ఆట పెడితే ఎదుటోడు తుపాకీ పేల్చాడు. గుండు బయల్దేరింది. ఇది వచ్చేదాకా ఏం కూచుంటాంలే అని సంతలోకెళ్లి, సిక్వాటే తాగి, జిగురు బియ్యపు పుటో తిని, మా అత్త మోకాళ్ల నొప్పుల సంగతంతా విని వచ్చా. గుండు ఇంకా సగం దారిలోనే ఉంది! పాపం అలిసిపోయింది, పక్కకి జరగమంటే జరిగింది."

"గుండుకి చెవులున్నాయా అన్నా?" అన్నాన్నేను.

"మూడొందల దగ్గర అన్నిటికీ ఉంటాయిరా! నువ్వెప్పుడైనా చూశావా? అక్కడితో ఆగానా? వెయ్యి చేశా. ఇక చూస్కో, తెర ఆటని దాటి ముందుకెళ్లిపోయింది. ఎదుటోడు ఇంకా ఇంట్లో చెప్పులేసుకుంటుంటే ఇక్కడ వాడి తల కనపడుతోంది! ఇంకాస్త పెంచేసరికి తెర మీదికి ఇవాళ సాయంత్రమే వచ్చేసింది. మన వీధిలో నిప్పులు, నిప్పుల మీద పంది. తెరలోంచి వాసన! నూనె చుక్క టప్పుమని కీబోర్డు మీద పడితే తుడిచింది నేనే."

రోవెలిన్ మొహం కాస్త విప్పారింది. "పందిని తిప్పుతోంది ఎవరు, అన్నా?"

"మీ నాన్నే! చొక్కా విప్పేసి, నా కూతురు గెలిచిందంటూ వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతున్నాడు."

అంతలో కరెంటొచ్చింది. బిలబిలమని లోపలికి పరిగెత్తాం. రోవెలిన్ ఆట పెట్టింది. బొమ్మ గెంతింది. సెట్టింగు తెరిచి చూస్తే అరవై. పిల్ల మొహం మళ్లీ మాడిపోయింది.

"మార్చేముందు తాళం తీయించావా?" అంది పిన్ని. "వచ్చినోళ్లు చెత్త నింపకుండా ప్రతి మిషన్‌కీ లోపల తాళం వేయించా కదయ్యా. ఆరి వెలిగిందంటే, మనం మార్చినవన్నీ మరిచిపోయి పాతదానికే వచ్చేస్తుంది. నన్నడగాలా వద్దా?"

టిబుర్సియో అన్న బుర్ర గోక్కున్నాడు.

రోవెలిన్ నడుం మీద చేతులేసుకుంది. "అన్నా, సాయంత్రం పంది వాసన దాకా చూపించిన తెర, మధ్యాహ్నం కరెంటు పోతుందని చూపించలేదా?"

"చూపించే ఉంటుందే... అప్పుడే నేను సిక్వాటేకి వెళ్లుంటాను."

పొద్దుట్నుంచీ బిగబట్టుకున్న పిల్ల ఫక్కున నవ్వేసి, కుర్చీ లాగి ఆయన్ని కూచోబెట్టింది.

"పిన్ని తాళం తీస్తుంది, నువ్వు మార్చు. నూట నలభై నాలుగు చాలు. పందిని నేను తెస్తా."