కాగని పలక

ఏం మే రూపశ్రీ, ఆ వీడియోలో నేను ఏడస్తా ఉండానని నీకు ఎవురు సెప్పినారు? సెప్పు, ఎవురు? ఫోన్లో రాసుండారా? "జోయల్ పాట విని కన్నీళ్లు పెట్టుకున్న అవ్వ" అని రాసుండారా? ఎంతమంది సూసినారు? నాలుగు లచ్చలా! నాలుగు లచ్చల మందికి కండ్లుండాయి, ఒక్కరికీ సెవి లేదు. ఆ బొమ్మలో నా నోరు సూడు. ఏడ్చే మనిషి నోరు అట్ల ఉంటాదా? "ఆపండ్రా" అంటా ఉండాను మే! గొంతు సించుకోని అరస్తా ఉండాను. నా అరుపు తీసేసి దాని మీద పాట పెట్టి, నా మొగం సుట్టూ పూలు కూడా పెట్టినారు, సచ్చినోళ్లు. సరేలే, కూర్చోండి ముగ్గురూ. ఆ మంచం మీద ఉండేది వరిగడ్డి, పక్కకి జరిపి కూర్చోండి. రేయ్ అబ్బోడా, నీళ్లసీసా దాని మీద పెట్టొద్దు, రెండు దినాలు ఎండబెట్టినాను. దేనికా? సెప్తాను. సెప్పకుండా పంపిస్తానా.

మీ నాయన దొరస్వామి నాకు తెలీకేం, పాకాల స్టేషన్ కాడ అంగడి గదా మీది. అందుకే నిన్ను ఇంట్లోకి రానిచ్చినాను. నిన్నొకడు కెమెరా ఎత్తుకోని వచ్చినాడు, "అమ్మా, ఇంకొకసారి ఏడుస్తారా, క్లోజప్ కావాల" అన్నాడు. సీపురు తిరగేసినాను. మీరేమో మీ కాలేజీలో నాకు శాలువా కప్పుతామని వచ్చినారు. ఇంకొక శాలువా! పోయిన ఆదివారం తిరపతిలో కప్పింది ఇంకా ఆడే ఉండాది సూడు, దాని మీద కోడి పొదిగింది. శాలువా సంగతి తర్వాత. ముందు జోయల్ అంటే ఎవురో తెలుసా మీకు? రాక్ అండ్ రోల్ రారాజు అంటనా? తిరపతి హాల్లో తెర మీద అట్లే రాసినారు. రాజు! నాయన రైల్వేలో గ్యాంగుమేను, ఇంటిముందర మురిక్కాలవ, ఈడు రారాజంట.

ఆ కాలంలో మెయిలు రైలు తోలే ఆంగ్లో ఇండియన్ దొర ఒకాయన పాకాలలో ఉండేవాడు. దేశం ఇడిసి పోతా పోతా గిటారూ, రికార్డులు తిప్పే పెట్టే జోయల్ సేతిలో పెట్టి పోయినాడు. వానికప్పుడు పదారో పదేడో. ఆ పెట్టె తిప్పేది, ఇనేది, గిటారు గీకేది, ఇదే పని. "రాక్ అండ్ రోల్ అంటారక్కా దీన్ని" అంటే మా ఆయన మునస్వామి, "రాయీ రోలూ మా ఇంట్లోనూ ఉండాయి లేరా, మీ అక్క దినామూ వాయిస్తాది" అనేవాడు. మా ఆయన సంగతి మీకు తెలీదు గదా, ఆయన పలక కొడితే మొలకి కట్టిన మొలతాడు కూడా ఎగురుతాది. పలకంటే తెలుసునా? గుండ్రంగా ఉంటాది, దూడ తోలు బిగిస్తారు, సంకన తగిలించుకోని పుల్లతో కొడతారు. సావుకు కొడతాం, గంగజాతరకు కొడతాం. పెండ్లికి పిలవరు, పిలిస్తే గడప బయటే.

ఏం సెప్తా ఉండాను? ఆ, సావు. మా ఈదిలో ఒక ముసలాయన సచ్చిపోయినాడు. శవం చర్చి ముందర పోతా ఉండాది, ముందర మా ఆయన పలక. ప్రార్థన అయ్యి గిటారు సంకన పెట్టుకోని జోయల్ వస్తా ఉండాడు. టక్కున నిలబడిపోయినాడు. నేను దయ్యం పట్టిందేమో అనుకున్నా. "మునస్వామన్నా! అదే దెబ్బ! దొర రికార్డులో నేను నెల దినాలుగా ఎతికే దెబ్బ అదే!" అని గిటారు తీసి శవం ఎనకాలే వాయించుకుంటా నడిచినాడు. సచ్చినాయన కొడుకులు కొట్టేదానికి వచ్చినారు, "ఇది సావా, పెండ్లా?" అని. అప్పుడు ఆ ముసలాయన పెండ్లాం, ఆమె మాట నేను సచ్చేదాకా మర్చిపోను, "కొట్టనీండ్రా. బతికినన్నాళ్లూ నా మొగుని ఎనకాల ఇంత సందడిగా ఎవురూ నడిచింది లేదు" అనింది. అట్ల పుట్టింది వాళ్ల జత. తెర మీద ఏం రాసినారో తెలుసా? "విదేశీ సంగీతంతో స్ఫూర్తి పొంది" అంట. ఏ విదేశం? శవాలు కాల్చే మా సుడుగాడు విదేశమా?

నా పనేందని గదా అడగతా ఉండావు. నా పని మంట. నవ్వొద్దు మే. పలక తోలు సల్లబడితే సడలిపోతాది, తడిగుడ్డను కొట్టినట్టు బొదబొదమంటాది. గడ్డిమంట కాడ కాపాల. తక్కువ కాగితే పలకదు, ఎక్కువ కాగితే పటేల్మని పగులుతాది. మూడు పలకలు పెట్టుకుంటాం: ఒకటి ఆయన సేతిలో, ఒకటి నా మంట కాడ, ఒకటి ఒడిలో. పాట నడమ సల్లబడిందాన్ని ఆయన నాకు ఇసిరితే కాగిందాన్ని నేను అందిస్తాను. దెబ్బ తప్పకూడదు. ఏలితో ఒక్కసారి టంగున మీటి, సెవికాడ పెట్టుకోని, నేను "ఊ" అంటేనే జోయల్ ఆ సద్దుకు గిటారు సెవులు తిప్పి బిగించుకుంటాడు. గిటారుకు పలక సరిపోయేది కాదు, నా పలకకు గిటారు సరిపోవాల. వాడు మైకులోనే సెప్పేవాడు, "తాయక్క మంటే నా శ్రుతిపెట్టె, అది కాగేదాకా పాట లేదు, మీరు బీడీలు తాగి రాపోండి" అని. జనం పోతే గదా! మంట సూస్తా, ఆ మొదటి టంగు కోసరం ఊపిరి బిగబట్టుకోని నిలబడేవాళ్లు.

రైల్వేవాళ్ల పండగ ఒకటి జరిగింది పాకాలలో. పెద్ద హాలు, ఆఫీసర్లు, వాళ్ల పెండ్లాలు, కుర్చీలు. ఒక ఆఫీసరు, "గిటారు లోపలికి రావచ్చు, ఆ సావు పలకలు బయటుండాల" అన్నాడు. మా ఆయన తలకాయ వంచుకోని పక్కకి జరిగినాడు, అలవాటు గదా. జోయల్ ఏం సేసినాడు? గిటారెత్తుకోని వాడే బయటికి వచ్చినాడు. "పలక యాడుంటే నేనూ ఆడే" అని గూడ్సు పట్టాల పక్కన బొగ్గుపొడిలో నిలబడినాడు. నేను మంటేసినాను. "సెయ్యెత్తినా ఆగని బండి" పాట. దానికి ముందర పలక ఒక్కటే, ఎనిమిది దెబ్బలు, ఆ తర్వాతే గిటారు. ఎనిమిదో దెబ్బకి హాల్లో సగం ఖాళీ. రెండో పాటకి ఆ ఆఫీసరు పెండ్లాం కూడా బయటుండాది, బొగ్గు మీద, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోని! ఆ తర్వాత పుత్తూరు, చిత్తూరు, బంగారుపాళ్యం మామిడికాయల కాలంలో తోటకూలోళ్ల ముందర, యాడ సూసినా మేమే.

అట్లాంటోడు పదిహేనేండ్ల కిందట రొమ్ము జబ్బుతో దగ్గి దగ్గి మంచాన పడినాడు. ఎముకలగూడు. నన్ను పిలిచి, "అక్కా, నా సమాధి కాడ పలక ఉండదు. పాస్టరయ్య ఒప్పుకోడు, అది అన్యాచారం అంటాడు. ఎంతమంది సావుల ఎనకాల నేను వాయించినాను, నా ఎనకాల ఒక్క దెబ్బ ఉండదా?" అన్నాడు. "నేనుండాను గదరా" అన్నాను. మాటిచ్చినాను మే! వాడు పోయిన దినం గడ్డిమోపు నెత్తిన పెట్టుకోని పోయినాను. మా ఆయన మూడు పలకలు తగిలించుకోని నా ఎనకాలే. సమాధులతోట గేటు కాడ వాని పెండ్లాం స్టెల్లా అడ్డమొచ్చి నా కాళ్లు పట్టుకునింది, "వద్దక్కా, ప్రార్థన ఆపేసి పోతానంటా ఉండాడు అయ్య, నా మొగుడు ప్రార్థన లేకుండా మట్టిలోకి పోతాడు" అని. ఏం సేస్తాను? ఆడకూతురు కాళ్ల మీద పడితే దాటుకోని పోతానా? తిరుక్కోని వచ్చినాను. ఆ గడ్డి బర్రెకేసినాను. బర్రె తినింది, అరిగించుకునింది. నాకు మాత్రం ఈ పొద్దుటికీ అరగలేదు.

అది మొదటి తప్పు, నాదే. ఎవురి మీదికీ తొయ్యను. రెండోది ఇను.

గిరిప్రసాద్ అని ఒకడు. తిరపతిలో ఫంక్షన్లు సేయించేవాడు. కారేసుకోని వచ్చి నువ్వు కూర్చున్న తావనే కూర్చున్నాడు. "అమ్మా, జోయల్ గారికి నివాళి కచేరీ సేస్తా ఉండాం, మీరు లేకుండా ఎట్ల?" అన్నాడు. రెండు గంటలు మంట సంగతి అడిగినాడు. ఏ గడ్డి, ఎంతసేపు, ఎట్ల మీటాల, అన్నీ. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, నిజంగా ఆ పొద్దు ఏడ్చినాను, అది ఎవురూ తియ్యలేదు. మా ఆయన పోయి ఆరేండ్లయింది, పలక ఇప్పుడు నా కొడుకు గోవిందు కొడతాడు, నాయన సెయ్యే వానిది. "గోవిందు మొదలుపెడితేనే కచేరీ మొదలవతాది, మీ మంట స్టేజీ పక్కనే" అని నా సేతిలో సెయ్యేసి సెప్పినాడు. నేననుకున్నా, సమాధి కాడ ఇవ్వలేనిది ఈడ ఇస్తానని.

పోయినాం. హాలు లోపల సలి మే, సలి! మార్గశిర మాసంలో తెల్లారి నీళ్లు పోసుకున్నట్టు. గడ్డిమోపు సూసి గేటు కాడే వాచ్‌మెన్ లాక్కున్నాడు, "లోపల అగ్గి కూడదు." సరే, రూలంటే రూలు, నేను కాదన్నానా? ఎనకాల కార్లు పెట్టే తావలో కాచి లోపలికి అందిస్తానన్నాను. ఆడా తరిమినారు. గిరిప్రసాదును పట్టుకున్నాను. "గిరీ, తోలు సల్లబడిపోతా ఉండాది నాయనా, పలకదు" అన్నాను. వాడు నవ్వినాడు. "ఏం బాధపడొద్దమ్మా, పలక సౌండు కంప్యూటర్లో పెట్టేసినాం. గోవిందన్న ఊరికే కొట్టినట్టు ఆడిస్తే సాలు. గట్టిగా కొట్టొద్దని సెప్పండి, మైకులో పడతాది." ఇన్నారా? కొట్టినట్టు ఆడించాలంట! కొట్టేవాన్ని పిలిచి, సెయ్యి మాత్రం కావాల, దెబ్బ వద్దంటాడు. ఆ రైలాఫీసరు నయం మే, బయటుండమన్నాడు, బయట కొట్టుకోనిచ్చినాడు. వీళ్లు లోపలికి పిలిచి, నడిమధ్యన లైటు కింద నిలబెట్టి, మూగోన్ని సేసినారు. ఏది పెద్ద అవమానం? మీరు సదువుకున్నోళ్లు, మీరే సెప్పండి.

నా మీద శాలువా కప్పి ముందర కుర్చీలో కూర్చోబెట్టినారు. లైట్లు ఆరిపోయినాయి. అప్పుడు, ఆ తెర మీద, మంట. నిలువెత్తు మంట! వరిగడ్డి మంటే, నేను సెప్పిన కతే, బొమ్మ సేసినారు. జనం ఓ అని అరిసినారు. మంట అంత ఎత్తున ఆడతా ఉండాది, దాని కింద నా బిడ్డ సలికి వణకతా ఉండాడు. కంప్యూటర్లో ఎనిమిది దెబ్బలు పడినాయి. గోవిందు పుల్ల ఎత్తతా ఉండాడు, దించతా ఉండాడు, తోలుకు తగలకుండా. నాలుగో దెబ్బకి నా దిక్కు సూసినాడు. ఆ సూపు, వద్దులే. లేసినాను. "ఆపండ్రా! ఆపండి! నా మంట నాకియ్యండి, లేకుంటే ఆ బొమ్మ ఆర్పండి!" అని అరిసినాను. ఎవురికి ఇనబడతాది ఆ డబ్బాల మోతలో? కెమెరావాడు పరిగెత్తుకోని వచ్చినాడు. మంట పోయి తెర మీద నా మొగం వచ్చింది, గోడంత మొగం, నోరు తెరుసుకోని. జనం లేసి నిలబడి సప్పట్లు కొట్టినారు. నేను తిడతా ఉంటే సప్పట్లు మే! ఎంత తిడితే అంత కొట్టినారు. గిరిప్రసాద్ మైకు పట్టుకోని, "సూడండి అమ్మ ప్రేమ" అన్నాడు.

గోవిందు ఆ పొద్దు నుంచీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. పలకలు గోడకు తగిలించి, "అమ్మా, సావులకు కూడా ఇంక పోను, సేతికి సిగ్గుగా ఉండాది" అన్నాడు. జోయల్‌కు దెబ్బ బాకీ పడింది సాలక, మా ఇంట్లో దెబ్బే లేకుండా పోతాదేమోనని రెండు రాత్రులు నాకు నిద్దర లేదు. అంతలో నిన్న పొద్దున స్టెల్లా వచ్చింది. మోకాళ్ల నొప్పులతో, కర్ర పట్టుకోని. ఆమె కూడా ఆ హాల్లో ఉండింది లే, నా పక్క కుర్చీనే. ఆమెకు నా అరుపు ఇనబడింది. ఆ హాలు మొత్తానికి ఒక్క మనిషికి ఇనబడింది. నేరుగా గోవిందు కాడికి పోయి, గోడ మీది పలక దించి వాని సేతిలో పెట్టి, "ఆ పొద్దు మీ అమ్మకు అడ్డమొచ్చింది నేనే నాయనా. ఈసారి ఎవురు అడ్డమొచ్చినా నేను సూసుకుంటా" అనింది. పాస్టరయ్యనా? ఇప్పుడుండేది కొత్తాయన, సిన్నోడు. అడగలేదు. అడిగితే గదా వద్దనేది.

పొద్దు వాలతా ఉండాది. గోవిందూ స్టెల్లా ముందరే పోయినారు సమాధులతోట కాడికి. ఎనిమిది దెబ్బలు, ఎనిమిదే, కాగిన పలకతో. నేను ఊ అనాల, వాడు కొట్టాల. ఏం రూపశ్రీ, ఫోనెత్తతా ఉండావా? వద్దు మే. నాలుగు లచ్చల మంది సూసింది సాలు, ముగ్గురు ఇంటే సాలు. దాన్ని సంచిలో పెట్టు. నా నడుము ఇప్పుడు మోపు ఎత్తనీదు. మీరు ఎత్తండి. రేయ్ అబ్బోడా, నువ్వు ఆ పెద్దది. అమ్మణ్ణీ, నువ్వు ఈ కట్ట. రూపశ్రీ, ఇదిగో అగ్గిపెట్టె, నీ సేతిలో పెట్టుకో, సెమట తగలనీకు. లెయ్యండి బిన్నా, పొద్దుండంగానే.