అత్తమ్మ కుట్టిపిచ్చిన సెప్పులు

"నాయినమ్మా, పొద్దుగాల లేవంగనే మడిమెలు నొస్తున్నయ్. నిన్న గీ సన్న సెప్పులు కొన్న, జర సూడు."

ఇటు దే బిడ్డా. అట్టముక్క లెక్క ఉన్నయ్ గదనే. రోజంత బట్టల షాపుల నిలబడేదానివి, గివేసుకుంటే నొయ్యక ఏమైతది? కూసో, నా ముచ్చట జెప్త.

నేను వేములపల్లికి కోడలుగ వచ్చి ఐదేండ్లు... కాదు కాదు, మీ నాయిన పుట్టినంక గద, ఏడేండ్లయింది. అప్పుడే కాలువ నీళ్లొచ్చినయ్. జొన్న సెలకలన్ని వరి మళ్లయినయ్, పని డబలైంది. పొద్దుగాల బండల మీద నిలబడి కూలోళ్లకు వండుడు, గంప నెత్తిన వెట్టుకొని పొలం ఒడ్ల మీద నడుసుడు. అంత ఉత్తకాళ్లే. గప్పుడు పట్టుకుంది నాకు మడిమె నొప్పి. లేసి కాలు కింద పెడితే ఇనుప మొల దిగినట్టుండేది. పది అడుగులేస్తే జర తగ్గేది, మల్ల మాపటికి మొదలు. మీ తాత మిర్యాలగూడ అంగట్ల రబ్బరు సెప్పులు తెచ్చిండు, నాలుగు రూపాయలో ఐదో. మెత్తగున్నయ్ గద అనుకున్నం. అవి నొప్పిని ఇంకింత జేసినయ్.

మా అత్తమ్మ ఎక్కువ మాట్లాడే మనిషి గాదు. నాకామె అంటే భయం. ఒకనాడు బాయికాడ నేను మునివేళ్ల మీద నడుస్తుంటే సూసింది.

"ఎన్ని రోజులాయె సైదమ్మా?"

"ఎండకాలం సంది" అన్న, తల దించుకొని.

తెల్లారి "సూర్యాపేటల మా సెల్లెను సూసొద్దాం, నడు" అని బస్సెక్కించింది. సెల్లె ఇంటికి పోనే పోలే. సక్కగ సెప్పులు కుట్టే మల్లయ్య కాడికి తోలుకపోయింది.

ముసలాయన. నన్ను కాయితం మీద నిలబెట్టి కాలు సుట్టు గీత గీసిండు. బొటనవేలుతోని మడిమె నడుమ ఒత్తిండు సూడు, నా పానం పోయినట్టయింది. "ఒట్టి మెత్తగుంటే సాలదమ్మా" అన్నడు. "బట్ట పిండినట్టు మెలి తిరిగే సెప్పు కాలును ఆపదు. మడిమె కింద జర మందముండాలె, పాదం నడుమ గుంతకు ఆనుడుండాలె, ఎనక పట్టీ ఉండాలె."

వారం దినాలకు మల్ల పోయి తెచ్చుకున్నం. ఇంటికొస్తే మా మామ అరుగు మీద కూసున్నడు. అప్పట్ల మామ ముంగట కోడండ్లు సెప్పులు తొడగరు, నీకు తెల్వదు. నేను ఇడిసి సేతుల వట్టుకున్న. అత్తమ్మ ఆగింది.

"కాళ్లకేసుకో పిల్లా, నొచ్చేది సేతులు గాదు గద" అన్నది, మామకు ఇనపడేటట్టే.

మామ నా కాళ్ల దిక్కు సూసిండు. "ఎవలు కుట్టిండ్రు, మంచిగున్నయ్" అన్నడు. గంతే.

నొప్పి ఒక్కనాడు పోలే బిడ్డా, రెండు మూడు నెలలు వట్టింది. అటెంక ఒకనాడు పగటీలి అన్నాలు తిన్నంక అత్తమ్మకు కాళ్లు ఒత్తుతున్న. మడిమె కాడికి రాంగనే కాలు గుంజుకుంది.

"నీగ్గూడ నొస్తదా అత్తమ్మా?"

"నీ మొగడు పుట్టినప్పటి సంది."

"మరి మల్లయ్యకు జెప్పలేదేంది?"

"మా అత్త సెప్పులు తొడగనిచ్చే మనిషి గాదు. అటెంక ఇగ నొప్పే అలవాటైంది."

ఆమె కన్నంటుకున్నంక పాదానికి కాయితం ఆనిచ్చి బొగ్గుతోని గీసిన. మీ తాత అది సూర్యాపేటకు పట్కపోయిండు. సెప్పులొచ్చినంక నన్ను మస్తు తిట్టింది. "ముసలిదానికి సోకులా" అని మంచం కిందికి నూకింది. రెండు దినాలు ముట్టలే. మూడోనాడు వంటింట్లకెల్లి సూస్తే... వాకిట్ల ఎవ్వరు లేరనుకొని, అవి ఏసుకొని అటు నుంచి ఇటు నడుస్తుంది. ముందు బెరుకు బెరుకుగ. అటెంక మడిమె నిండుగ ఆనిచ్చి. పొయ్యి మీద అన్నం మాడుతున్నా ఆడనే నిలబడి సూసిన.

నువ్వు గట్ల ఏండ్లకేండ్లు ఓర్సుకోకు బిడ్డా. నొస్తే నొస్తుందని జెప్పు. నీ కాళ్లు సల్లగుండ, ఏసిన ప్రతి అడుగు నీకు సుకమియ్య...