నలభై రెండో లైను

ఆసుపత్రి కంప్యూటర్ గది నుంచి ఫోను. చేసింది ఆ విభాగం మేనేజరు. ఎత్తింది, నాలుగు నెలల క్రితం ఆయనే పనిలోంచి తీసేసిన అన్న కూతురు.

“అబ్బ, రోజూ కాదమ్మా! ఒకరోజు రిపోర్టులు బాగానే వెళ్తాయి, ఒకరోజు సగమే వెళ్తాయి. ఇవాళ పొద్దున ఆపరేషను పేషెంటు స్కాను రిపోర్టు సగమే చేరింది వార్డుకి.”

“గట్టిగా చెప్పండి సార్, సరిగ్గా వినబడట్లేదు.”

“సార్ ఏంటే? బాబాయ్‌ని!”

“ఆఫీసులో బాబాయ్ అనొద్దన్నది మీరేగా. సగం వెళ్తున్నవి పెద్ద ఫైళ్లేనా?”

“ఆఁ, బొమ్మలున్నవే. చిన్నవాటికి ఏ రోగమూ లేదు.”

“స్కాను మిషను ఫైలు రాయడం పూర్తికాకముందే, వార్డుకి పంపే స్క్రిప్టు దాన్ని ఎత్తుకుపోతోంది. నిమిషం ఆగి, సైజు పెరగట్లేదని చూసుకుని పంపమని అందులో నేనో లైను రాశాను. నలభై రెండు. తెరవండి.”

“తెరిచా... ఉంది. ఉందే!”

“దాని ముందు హాష్ గుర్తుందా?”

“...ఉంది.”

“అంటే కంప్యూటరు ఆ లైను చదవకుండా దాని నోరు ఎవరో నొక్కేశారు. పక్కన ఏం రాసుంది?”

“ఏదో ఉందిలే. ఆ గుర్తు తీసేస్తే సరిపోతుందా?”

“చదవండి. అప్పుడు చెప్తా.”

“ఇంట్లో మనిషివి, ఇంత పంతమా?”

“ఈ తప్పు నాదేనని పదిమందిలో నిలబెట్టి గెంటేసినప్పుడు ఇంట్లో మనిషిని కానా? అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. తన మరిది అబద్ధం చెప్పడుట! కడుపు మండిపోతోంది నాకు. చదవండి, గట్టిగా.”

“సరే, సరే... ‘ఆలస్యమవుతోందని ఆపాను. మార్చి మూడు.’ అంతే.”

“ఎవరు మార్చినా పేరు రాయాల్సిందేనని రూలు పెట్టింది మీరే. పేరు?”

“...నాదే.”

“వినబడలా.”

“నేనే! నేనే ఆపాను, సరేనా? ఆ వారం నువ్వు సెలవులో ఉన్నావు, వార్డులవాళ్లు తొందరపెడుతుంటే ఆపేశా. తర్వాత గుర్తొచ్చింది, ఏ లైనో మాత్రం గుర్తురాలేదు... అప్పటికే నీ పేరు చెప్పేశాను. మనలో మాటగా ఉంచవే తల్లీ. ఇక చెప్పు, ఏం చెయ్యాలి?”

“హాష్ తీసి సేవ్ చెయ్యండి. అంతే.”

“బతికించావు! మరి గట్టిగా, గట్టిగా అని నా గొంతు చించావెందుకే?”

“నాకు బాగానే వినబడుతోంది బాబాయ్. నా ఉద్యోగం గురించి అడగడానికి వచ్చా, నా ఫోను స్పీకర్‌లో ఉంది. పక్కనున్న మీ ఆసుపత్రి పెద్ద డాక్టరుగారికే కాస్త చెవుడు.”