కుండనీళ్లలో ఒక సుక్క

“అవ్వా, రేపు నాకు కెమిస్ట్రీ ప్రాక్టికలు. నీ ఇంటరు పరీక్షప్పుడు నువ్వు భయపడినావా?”

భయమా? కాళ్లూ చేతులూ ఆడలేదమ్మా. ఇట్ల కూసో, సెప్తాను.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం జరగతా ఉండ్నింది. నేను మదనపల్లె కాలేజీలో. మాయమ్మ పుంగనూర్లో మిషనోళ్ల ఆసుపత్రిలో ఆయా. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బొగ్గుబస్సులో వచ్చేది నన్ను సూసేదానికి, దిగేసరికి మొగమంతా మసి... ఆ, యాడికో పోతాండా. ఆసుపత్రి దొరసాని ఏం సెప్పిందంటే, కెమిస్ట్రీ పాసయితే వేలూర్లో డాక్టరు సదువుకు పంపిస్తామని. తప్పితే నేనూ మాయమ్మ మాదిరి బేసిన్లు కడుక్కుంటా ఉండాల్సిందే.

పరీక్ష రోజు ఒక్కొక్కరికి ఒక తెల్ల పొడి ఇచ్చినారు, అదేం ఉప్పో కనుక్కోవల్ల. కుప్పం మునెప్ప అని ఒక ల్యాబు అటెండరు. సిల్వరు నైట్రేటు దొరకని కాలం కదా, బుడ్డిలో ఇంతే ఇంత పోసి, “ఇదే అమ్మణ్ణీ, మళ్లా అడగద్దు” అనె. ఆవిరి పట్టి దించిన శుద్ధమైన నీళ్లూ ఒక సీసానే.

మాయమ్మ నేర్పిన పాడలవాటు ఒకటుండాది నాకు. ఏ గిన్నెయినా వాడేముందు ఇంకొక తూరి తొలచాల. సీసా నీళ్లు దండగని, మూలనుండే కుండలో బావినీళ్లు ముంచి ట్యూబు తొలిచినాను. పొడి కరిగించి సిల్వరు నైట్రేటేస్తే తెల్లగయింది. తెల్లగయితే క్లోరైడని లెక్క, అదే రాసేసినాను.

రాసినాక సూస్తే, క్లోరైడయితే పెరుగు మాదిరి గడ్డకట్టాల, కట్టలేదే! పల్సని మజ్జిగ తేట మాదిరుండాది. ఆ కాలేజీ బావినీళ్లు ఉప్పునీళ్లు కదా, ఉప్పులో ఉండేది క్లోరైడే! ఇంక పది నిమిషాలుండాది, బుడ్డిలో ఒకే సుక్క.

సీసాలో మిగిలిన నీళ్లతో ఇంకో ట్యూబు తొలిచి, పొడి కరిగించి, ఆ సుక్క వదిలినాను. తెల్లబడలేదు! అంతే, పరుగున రింగు పరీక్ష చేస్తే గోధుమరంగు రింగొచ్చె, అదొస్తే నైట్రేటు. క్లోరైడు కొట్టేసి నైట్రేటని రాసినాను, గంట కొట్టినారు.

పరీక్ష పెట్టేదానికి మద్రాసు నుంచొచ్చిన అయ్యవారు నా కాగితం సూసి, “ఎవరిది చూసి కొట్టేశావు?” అనె. నాకు రేగిపోయింది. నా నోరు నీకు తెలుసు కదా!

“పక్కోళ్ల కాగితంలో ఏముండాదో నాకు తెల్దు సార్. ఆ కుండలో ఉప్పుండాది. కావల్లంటే ఒక సుక్కేసి సూడండి” అనేసినాను. అన్నాక సచ్చినాననుకున్నా. వేలూరు పాయెనే అని.

ఆయన కుండనీళ్లు ట్యూబులో ముంచి, తన బుడ్డిలోది ఒక సుక్కేసినాడు. తెల్లగయింది. దాన్ని సూసి, “మునెప్పా, ఈ కుండ బయట పెట్టు” అని నా కాగితం మీద సంతకం పెట్టె.

బయట మాయమ్మ సద్దిగిన్నె పట్టుకోని నిలబడుండాది. అంతా సెప్తే మొగం నల్లబడిపోయింది. “నేను నేర్పిన తొలుపుడే నిన్ను ముంచబోయిందా పాపా” అని ఏడ్సేసింది.

“లేదుమ్మా. ఆ ట్యూబు మీద అనుమానమొచ్చింది కూడా, ఏ గిన్నెనీ నమ్మద్దని నువ్వు నేర్పినందుకే” అన్నాను.

వేలూరికి పోయే దినం, బొగ్గుబస్సు కాడ మాయమ్మ... ఊఁ, వద్దులే అదిప్పుడు. పాపా, రేపు ట్యూబు తొలిచేముందు అవేం నీళ్లని అడుగు. ఎవరు నవ్వినా అడుగు. దేవుడు నీకు తోడుండాల. పో, అన్నం తిను పో.