కింద పెట్టిన కాఫీ కప్పు

1994 సెప్టెంబరు మూడవ తేదీ శనివారం ఉదయం, అమ్మాన్ నగరంలో, అప్పటికింకా గోడల సున్నం వాసన కూడా పోని మా బాలల న్యాయ సంస్కరణల మూల్యాంకన విభాగంలో శ్రీ మిద్‌హత్ జరాదాత్ గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. తమకు చూపిన కుర్చీలో కూర్చోబోయే ముందు, దాన్ని ఎవరి సిఫారసు మీద కొన్నారని విచారించారట. పెద్దకొడుకు పేరు మీదుగా అబూ గైస్ అని మేమంతా పిలుచుకునే ఆ మహనీయులు ముప్పై ఏళ్ల నిష్కళంక సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇందుకు మాకు దుఃఖంగా ఉంది. కొన్ని శాఖలు మాత్రం ఊపిరి పీల్చుకుంటున్నాయి.

తొలి దశాబ్దంలో వారు బాలల నిర్బంధ గృహాలను పరిశీలించారు. తదుపరి, బడుల్లో కొట్లాటలు మాన్పించే శిక్షణ తరగతులను పరీక్షించి, తరగతులకు వచ్చిన పిల్లలు కొట్లాటలు మానలేదనీ, శిక్షకుల కళ్లు కప్పడం మాత్రం నేర్చుకున్నారనీ నిర్మొహమాటంగా తేల్చారు. ఏ నివేదికైనా ‘మరింత అధ్యయనం అవసరం’ అన్న మాటతోనే ముగిసేది. క్యాంటీన్‌లో పప్పు సూప్ ఎలా ఉందని అడిగినా అదే జవాబు.

పరిశీలనకు వెళ్లినచోట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకపోవడం వారి మరో నియమం. సొంత నీళ్ల సీసా చంకలో పెట్టుకునే వెళ్లేవారు. “ఒకరింట టీ తాగి, వాళ్ల పథకం బాగాలేదని రాయడానికి నాకు చెయ్యి రాదయ్యా,” అనేవారు. ఆ నియమమే దక్షిణాన కరక్ పట్టణం దగ్గరి ఒక పల్లెలో వారి కొంప ముంచింది.

తప్పు చేసిన పిల్లలను కోర్టుకు పంపకుండా, ఇరు కుటుంబాలకూ రాజీ కుదిర్చే కొత్త పథకం అప్పుడే మొదలైంది; దాన్ని పరిశీలించే పని వారికి పడింది. పదహారేళ్ల ఖుసయ్ అనే కుర్రాడు ఫుట్‌బాల్ ఆటలో గొడవపడి తోటివాడి చెయ్యి విరగ్గొట్టాడు. దెబ్బతిన్నవాడి తాత హాజీ దైఫల్లా ససేమిరా అంటున్నారు. ఆ సాయంత్రానికి రాజీ కుదరకపోతే మర్నాడు ఖుసయ్‌ను నిర్బంధ గృహానికి తరలిస్తారు. ఉదయం పోలీస్ స్టేషనులో అబూ గైస్ గారు వాణ్ణి కలిసి, అడగవలసినవన్నీ అడిగి లేవబోతుంటే, “సార్, సోమవారం లెక్కల పరీక్ష. రాయనిస్తారా?” అన్నాడు వాడు. అది తమ పరిధిలోని విషయం కాదని చెప్పి వచ్చేశారు గానీ, ఆ ప్రశ్న మాత్రం దారిపొడవునా వారిని వదల్లేదు.

సాయంత్రం అబూ గైస్ గారు, రాజీ కుదిర్చే పెద్దమనిషి షేక్ మితిబ్ వెంట హాజీ గారింటికి వెళ్లారు. మితిబ్ రాజీ మాట ఎత్తితేనే హాజీ గారికి ఒళ్లుమంట. మధ్యవర్తి కాఫీ అందుకుని, తాగకుండా కింద పెడితే, ఏదో అడగబోతున్నాడని, ఇంటివారు సరేనంటేనే తాగుతాడని అర్థం. అడిగించుకుని సరేననకుండా ఆ కప్పు చల్లారనిస్తే ఇంటివారికి తలవంపులు. ఇది మాలో పాలు తాగే పిల్లలకూ తెలుసు. అబూ గైస్ గారికీ తెలుసు. కానీ రాజధాని నుంచి వచ్చిన నెరసిన తల, సూటు చూసి తొలి కప్పు వారికే ఇచ్చారు. వారు అలవాటు కొద్దీ దాన్ని కింద పెట్టి, సీసా మూత తిప్పారు.

గదిలోని వారంతా ఆ కప్పు వైపు తిరిగారు. చేసిన పని వారికి అప్పుడు తట్టింది.

“అడగండి పెద్దాయనా,” అన్నారు హాజీ గారు.

“నేను అడగడానికి రాలేదండీ. చూసి పోదామని వచ్చాను.”

“చూసి పోయేవాడు కప్పు కింద పెడతాడా?”

“ఉన్న ఆధారాలను బట్టి ఈ దశలో నాకొక అభిప్రాయమంటూ...”

“అమ్మాన్ నుంచి వచ్చి, నా ఇంట్లో కప్పు కింద పెట్టి, ఏమీ వద్దని పోతే రేపు నేను ఊళ్లో తలెత్తుకు తిరగాలా వద్దా?”

షేక్ మితిబ్ మోచేత్తో పొడిచాడు. “అడుగు అబూ గైస్, నీకు దణ్ణం పెడతా.”

అబూ గైస్ గారు సీసాను పక్కన పెట్టారు. “వాడికి సోమవారం లెక్కల పరీక్ష ఉంది హాజీ గారూ. వాణ్ణి రాయనివ్వండి.”

“పరీక్ష మా మనవడికీ ఉంది. కట్టు కట్టిన చేత్తో వాడెట్లా రాస్తాడు?” హాజీ గారు చాలాసేపు గడ్డం నిమురుకున్నారు. “సరే. మావాడి కట్టు విప్పేదాకా బళ్లో వాడి నోట్సు ఈ ఖుసయ్ గాడే రాయాలి. పుస్తకాల సంచీ కూడా వాడే మొయ్యాలి. కాఫీ తాగండి, చల్లారిపోతోంది.”

వారు తాగారు. సేవాకాలంలో పరుల ఇంట వారు తాగిన తొలి కాఫీ అదే.

నెల తిరక్కుండానే ఆఫీసుకు హాజీ గారి ఫోను: “ఖుసయ్ రాత కోడి గీకినట్టుంది. మావాడికి చదవడానికి రాక మార్కులు పోయాయి. ఇది కూడా రాసుకోండి.” అబూ గైస్ గారు దాన్ని పథకపు అనుకోని దుష్ఫలితంగా నమోదు చేశారు. అంతటితో ఆగక, విజయాల లెక్కలోంచి ఖుసయ్ కేసునే కొట్టేశారు.

“మనకున్న వాటిలో అన్నిటికన్నా మంచి కేసు అదే కదండీ,” అని డైరెక్టర్ నుహా మేడమ్ తల పట్టుకున్నారు. పథకాన్ని ఉంచాలో, మూసెయ్యాలో తేల్చే సమావేశం ఆ మర్నాడే.

“అందులో నా చెయ్యి పడింది మేడమ్. లెక్కలోకి రాదు.”

సమావేశంలో పెద్దలు ఆ కేసు కొట్టేసిన పేజీని రెండుసార్లు చదివారు. తన తప్పును తానే రాసిపెట్టినవాడు మిగతావాటిలో అబద్ధం చెప్పడని వారికి తోచింది. పథకం నిలిచింది. నేటికీ ఏటా ఖుసయ్ తల్లి ఆలివ్ ఊరగాయ జాడీ పంపుతుంది. వారు ముట్టరు, మేము మిగల్చం.

వీడ్కోలు సభలో కాఫీ వస్తుంది. మేమెవరమూ తాగము, డైరెక్టర్ మొదలు డ్రైవర్ దాకా కప్పులు కింద పెడతాము. అబూ గైస్ గారూ, మేము అడిగేది ఒక్కటే: మీ శ్రీమతి సల్వా గారితో కలసి, మనవళ్ల అల్లరిని ఎలాంటి మూల్యాంకనం లేకుండా భరిస్తూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు ఉంటానని మాట ఇవ్వండి. మరింత అధ్యయనం అవసరమని మీరంటారని తెలుసు. త్వరగా చెప్పండి, కాఫీ చల్లారిపోతోంది.