ఏ మ్యాచో తెల్వని శుక్రారం

"మల్లయ్య కాకా, మా అబ్బా ఖతర్ల క్రికెట్ ఆడేటోడట గదా? అడిగితే నవ్వి ఊకుంటడు."

ఆడేటోడా అంటవేంది షాహీన్! మా క్యాంప్ టీముల అసలు బౌలరే మీ నాయిన. జలీల్ బాలేస్తుంటే నేను కీపర్ని. ఎప్పుడంటే... తొంభై ఆరో, ఏడో... రాస్ లఫాన్‌ల గ్యాస్ ప్లాంట్ కడుతున్న రోజులు. మా ఊరోళ్ళేమో మల్లయ్య దుబాయ్ పోయిండు అనుడే. ఖతర్ అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఆఁ, ఏం చెప్తున్న? క్రికెట్.

ఆ ఏడు రెండిట్ల పేరిచ్చినం. ఒకటి లీగు. అండ్ల స్కోరు సమానమైతే చెరొక పాయింటిచ్చి పొమ్మంటరు. ఇంకోటి కప్పు. అండ్ల సమానమైతే రెండు టీములోళ్ళు ఒట్టి వికెట్లకు బాలెయ్యాలె, బ్యాట్స్‌మన్ ఉండడు, ఎవరెక్కువ పడగొడ్తే వాళ్ళదే. గదే గ్రౌండు, గవే బట్టలు, గవే మొఖాలు. డ్యూటీ చేసొచ్చినోనికి ఏ మ్యాచ్ దేనిదో ఏం యాదుంటది, నువ్వే చెప్పు?

నువ్వప్పటికి పుట్టి ఏడాదైతుంది. మీ నాయిన నిన్ను ఫొటోల సూసుడే. లీవడిగితే "మాఫీ", అంటే అరబ్బీల లేదు పో అనుడే మేనేజర్. ఈజిప్టాయన. క్రికెట్ అంటే ఏందో తెల్వదు, గని క్యాంపుకు కప్పు రావాలెనని పట్టు. ఓనాడు నవ్వుకుంట, "కప్పు తే, లీవు తీస్కో" అన్నడు. ఆయనకు నవ్వులాట. మీ నాయినకు కాదు.

ఇగ మెసయీద్ అని ఇంకో క్యాంపు, ఆ టీముతోని రెండు మ్యాచులు పడ్డయి. ముందు లీగుది, తర్వాత శుక్రారం కప్పు ఫైనల్. దుమ్ము లేసి లీగుది ఆగిపోయింది. దాన్ని ఫైనల్ ఎన్కకు జరిపిన్రట. మాకెవరు చెప్పలే. చెప్పిన్రేమో మరి... మా కెప్టెన్, కేరళాయన, షిఫ్టుల ఉండె. మేమేమో ఆ శుక్రారం ఆగిన లీగు మ్యాచే పెట్టిన్రు, ఫైనల్ తర్వాత అనుకున్నం.

ఆఖరి బాలుకు సమానమైంది. చెరొక పాయింటు, చాల్తీయని అలుముకున్నం. డ్యూటీ బస్సు హారన్ కొడ్తుంటే ఎక్కినం. అంపైర్ చేతులూపుతుండు. మేం గూడ ఊపినం, టాటా అని!

అది ఫైనల్ బిడ్డా. బాలెయ్యనీకి మేం లేకపోతిమి, కప్పు వాళ్ళకిచ్చిన్రు. మర్నాడు మెసయీదోళ్ళే సంగతి చెప్పి, రెండో నంబర్ కప్పు మాకు పంపిన్రు, ఇంతది, అరచేతిల పట్టేటంత. మీ నాయిన దాన్ని జూసి మంచం మీద కూలవడ్డడు. అన్నం ముట్టలే.

తెల్లారి మేనేజరే పిలిచిండు. కప్పు పట్టుకపోయినం, ఇది ఓడిన కప్పని చెప్దామని. నోరు తెర్వనిస్తే గద. "మబ్రూక్!" అని ముబారక్ జెప్పి, జలీల్ భుజం తట్టి లీవు కాయితం మీద సంతకం పెట్టిండు. నేను చెప్పబోతే మీ నాయిన నా కాలు తొక్కిండు. మేనేజర్ తెలిసి పెట్టిండా, తెల్వక పెట్టిండా, ఇయ్యాల్టికి నాకు సమజ్ గాలే.

మీ నాయిన ఊరికి పోయినంక ఆ లీగు మ్యాచ్ పడ్డది. అసలు బౌలర్ లేకపాయె, ఓడినం. లీగు గూడ పాయె. జలీల్‌ను ఒక్కడు ఒక్క మాటనలే.

తిరిగొచ్చిన్నాడు టీమంత ఆయన రూముల జమైనం. మ్యాచ్ సంగతి ఎవరెత్తలే. కేరళాయన అడిగిండు, "బిడ్డ దగ్గరికొచ్చిందా?" అని.

"మొదలు నన్ను జూసి ఏడ్సింది. ఓనాడు నా ఛాతీ మీద పండుకొని నిద్రవోయింది. లేస్తదేమోనని నేను కదల్లే" అన్నడు.

ఏడ్సినం బిడ్డా, అంతమంది మొగోళ్ళం, ఏం సిగ్గు.

ఆ ఏడు గెల్సినమా, ఓడినమా అంటే... ఏమో తల్లీ. నువ్వు సల్లగుండు. నీ పిల్లలు రోజూ వాళ్ళ నాయిన పక్కపొంటి పండాలె... గంతే...