వాడక ముందు, వాడిన తర్వాత

ఏదీ, ఆ ఫోను ఇలా ఇవ్వు తల్లీ. ఉండు, కళ్లజోడు పెట్టుకోనీ. ఆఁ, ఇదేనా, మా పాత టానిక్ ప్రకటన? దీనికేనా పొద్దున్నుంచి మీ నాన్న మురిసిపోతున్నది? నాలుగు వేలమంది చూశారా? సరే, చూడనీ. "మనదే ఆఖరి తరం" అని ఫోన్లో ఓ గుంపు, అందులో అందరూ మీ నాన్న ఈడువాళ్లు. పాత సబ్బుల ప్రకటనలూ, పాత పళ్లపొడి పాటలూ వేసుకుని కళ్లొత్తుకోవడం. ఆ పాట రాగానే రేడియో గొంతు నొక్కేసేవాళ్లు వీళ్లే, ఇప్పుడదేమో తీపి గుర్తు. నీది ఏదో అక్షరం తరమన్నావు, మీ నాన్నది ఇంకో అక్షరం. మరి మాది? మౌన తరమా? ఎవరే పెట్టింది ఆ పేరు? మా వీధికి వచ్చి ఉంటే తెలిసేది, ఒక్కడి నోరు మూతపడేది కాదు. దూరాన కూర్చుని పెట్టే పేర్లంతే. తరానికైనా, మనిషికైనా. సరేలే, కిందున్నది చదువు. ఎడమవైపు మనిషెవరండీ అని ఎవరో అడిగారు కదా, దానికి మీ నాన్న ఏం రాశాడు? "కుడివైపు మా నాన్నగారు. ఎడమవైపు ఎవరో మోడల్ అయ్యుంటాడు." ఊఁ, మోడల్.

కూర్చో. మోడలూ కాదు, పాడూ కాదు. ఆయన మా అన్న. తోడబుట్టినవాడు. మీ నాన్నకి సొంత పెదనాన్న. నువ్వేం చేస్తావులే తెలియకపోతే, మీ నాన్నకే మేం చెప్పలేదు, ఈ ఇంట్లో ఆయన ఫొటో ఉంటే కదా. ఇదిగో ఇదొక్కటే. చొక్కా లేకుండా, డొక్కలు లెక్కపెట్టుకునేలా నిలబడ్డాడు చూడు, కింద "వాడక ముందు" అని. పక్కన కండలు తిప్పుకుని నేను, "వాడిన తర్వాత". చూసేవాళ్లకి ఇద్దరూ ఒకడే మనిషి. ఆరు నెలలు టానిక్ తాగితే అది ఇదయిందని. మొహాలు అచ్చు ఒకటే కదా మాకు, అందుకే పట్టుకున్నారు. నాది గోదాములో మూటలు మోసి వచ్చిన ఒళ్లు, ఆ టానిక్ చుక్క నా నాలుక మీద పడలేదు. మా అన్నకేమో చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చింది, ఆ తర్వాత ఏం తిన్నా ఒంటికి పట్టలేదు. అంతే. రోగం లేదు, రొష్టు లేదు.

ప్రెస్సులో పని ఆయనకి. కంపోజిటర్. అంటే ఏంటంటే, అప్పట్లో అక్షరాలన్నీ సీసంతో పోతపోసి గళ్ల పెట్టెల్లో ఉండేవి. ఒక్కొక్కటీ ఏరి వరసగా పేర్చాలి, అదీ తిరగేసి. మా అన్న చెయ్యి ఎంత వడి అంటే, నువ్వు చదివేలోపు ఆయన పేర్చేసేవాడు. ఆ టానిక్ కంపెనీ లేబుళ్లు, ప్రకటనలు వాళ్ల ప్రెస్సులోనే అచ్చయ్యేవి. ఒకరోజు ఓనరు, "ఏమయ్యా, మీ తమ్ముణ్ణి తీసుకురా, సరదాగా ఒక ఫొటో" అన్నాడు. సరదా అనే వెళ్లాం. స్టూడియోలో ఫొటో తీసేవాడు, "ఊపిరి వదిలెయ్యి, పొట్ట లోపలికి లాగు, భుజాలు వాల్చు" అని మా అన్నకి చెప్పి నెత్తిమీద దీపం పెట్టాడు, ఎముకల నీడలు బాగా పడాలని. నన్నేమో నూనె రాసుకుని ఊపిరి పీల్చమన్నాడు. ఆ మొహం చూడు, దిగులుగా ఉన్నట్టుంది కదూ? దిగులు కాదే తల్లీ. నవ్వు బిగబట్టుకుంటున్నాడు. నన్ను చూసి నవ్వాగడం లేదు ఆయనకి. బయటికొచ్చాక సైకిలు పట్టుకుని కింద కూర్చుని నవ్వాడు, "ఒరే, నూనె రాసిన స్తంభంలా ఉన్నావురా" అని.

అది నెలరోజుల ముచ్చట అనుకున్నాం. ఇరవై ఏళ్లు నడిచింది. బస్టాండు గోడ మీద, మందులకొట్టు అద్దం మీద, వారపత్రిక వెనక అట్ట మీద. ఇంకేముంది, మా అన్న పేరు పోయింది. వాడకముందు. ఒరే వాడకముందూ, ఇటు రారా. వాడకముందు గారండీ, టైమెంతయింది? మంగలిషాపులో, హోటల్లో, ఆఖరికి పోస్టుమాన్ కూడా, "వాడకముందు ఇల్లు ఇదేగా" అని అడిగేవాడు. బడి వదిలేవేళకి ఆయన సైకిలు కనబడితే పిల్లలు వెంటపడేవాళ్లు. ఆ పిల్లలే ఇప్పుడు ఆఖరి తరం. అందులో ఒకడు రాశాడు చూడు, "ఈయన మా వీధే, భలే నవ్వుకునేవాళ్లం, ఆ రోజులే వేరు." వేరే, ఎందుకు వేరు కాదు. ఇంకో మాట విను. ప్రతి వారం ఆ ప్రకటనకి అక్షరాలు పేర్చేది ఎవరనుకున్నావు? ఆయనే. తన బొమ్మ కింద తన చేత్తో, వా, డ, క. వేరేవాళ్లకి ఇమ్మని ఓనర్ని నువ్వైనా అడగొచ్చు కదా అంటావా? అడగొచ్చు. అడగలేదు. నన్ను చూసి జనం, "ఏం తమ్ముడూ, రోజుకెన్ని చెంచాలు?" అంటే నేను రెండు అనేవాణ్ణి. నాకు బాగుండేది, అబద్ధమెందుకు.

తర్వాత మీ నానమ్మ వాళ్లు వచ్చారు. వచ్చింది మా అన్న సంబంధానికి. బడిపంతులు గారు ఆవిడ తండ్రి, మెత్తటి మనిషి. గొంతు ఇలా సన్నగా పెట్టి, "పెద్దబ్బాయి ఆరోగ్యం ఎలా ఉంటుందండీ, అంటే, ఆ ప్రకటనలో చూశాం" అన్నాడు. మా అమ్మ, "రాయిలా ఉంటాడండీ" అంది. ఆయన తల ఊపాడు. కాసేపు గోడలు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. "మరి రెండో అబ్బాయికి ఏమైనా చూస్తున్నారా?" మా అన్న అక్కడే ఉన్నాడు, అదే గదిలో, కుర్చీ లేక కిటికీకి ఆనుకుని. నేనప్పుడు ఒక్క మాట అనాల్సింది. ముందు మా అన్నకి కానివ్వండి అంటే సరిపోయేది. నేల చూశాను. నేల చూడటమంటే సరేననే కదా. మా అన్నే అన్నాడు చివరికి, "చేసుకోరా, దానికేముంది." మా పెళ్లికార్డు అక్షరం అక్షరం ఆయనే పేర్చాడు. ఒక్క తప్పు లేదు.

పెళ్లయ్యాక ఆయన ప్రెస్సు వెనక గదికి మారిపోయాడు. ఆదివారాలు వచ్చేవాడు. కంపెనీవాళ్లు నాకు నెలకో పెట్టె టానిక్ ఊరికే పంపేవాళ్లు. పన్నెండు సీసాలు, మంచం కింద తోసేసేవాణ్ణి. కొన్నాళ్లకి చూస్తే తగ్గుతున్నాయి. ఆదివారం ఆదివారం రెండో మూడో. లోకంలో ఎవరికి తెలియకపోయినా అది ఉత్త మోసమని మా అన్నకి తెలుసు. తెలిసీ తాగాడు. అడుగుదామనుకున్నాను. అడిగితే ఇంకా చాలా మాట్లాడాల్సి వస్తుంది. అందుకని పెట్టె రాగానే పైకి తీసి పెట్టడం మొదలుపెట్టాను, ఆయనకి వంగే పని లేకుండా. ఇదీ తమ్ముడు చేసిన సాయం. ముప్పై ఏడో ఏట ఆసుపత్రిలో పోయాడు. కాలేయం. "రోజూ ఎంత తాగుతాడు?" అన్నాడు డాక్టరు. మా అన్న మందు ముట్టడండీ అన్నాను. సీసా పట్టుకెళ్లి చూపిస్తే వాసన చూసి, "సగం సారాయేనయ్యా, మిగతాది మాడ్చిన చక్కెర" అన్నాడు. ఆ వారం కూడా పత్రిక వచ్చింది, వెనక అట్ట మీద మేమిద్దరం. అక్షరాలు మాత్రం ఇంకెవరో పేర్చారు, వరస కొంచెం వంకరగా ఉంది.

అది కాదు నేను చెప్పబోయింది. పోయేముందు ఎనిమిది నెలలు ఆయన మా గడప తొక్కలేదు. సీసాలు కొట్లో కొనుక్కునేవాడట. ఎందుకు రాలేదో మీ నానమ్మకి తెలుసు, నాకు తెలుసు. ఆవిడ ఎవరికీ చెప్పకుండానే పోయింది. అది జరిగింది మీ నాన్నకి నాలుగేళ్లప్పుడు. ఆదివారం, పదీ పదకొండయి ఉంటుంది. తలుపు చప్పుడైతే వీడే పరిగెత్తాడు. తీసి, లోపలికి తిరిగి, ముద్దుముద్దుగా, "అమ్మా, వాడకముందు పెదనాన్న వచ్చాడు" అని కేకేశాడు. వీధిలో వినే మాటేగా అంటావేమో. వీధిలో పెదనాన్న అనరు కదే. ఇంట్లో అంటేనే వస్తుంది ఆ మాట. మీ నానమ్మని అనకు, మొదట అన్నది నేను. పెళ్లయిన కొత్తలో ఆవిణ్ణి నవ్విద్దామని. తర్వాత అలవాటైపోయింది. మా అన్న వీణ్ణి ఎత్తుకున్నాడు, జేబులోంచి బిస్కెట్టు పొట్లం తీసి ఇచ్చాడు. మంచినీళ్లు అడిగాడు. మీ నానమ్మ గ్లాసు ఇచ్చి తలెత్తలేదు. తాగి, వీణ్ణి దించి, పనుంది వెళ్తానన్నాడు. నేను చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తాను. "చిన్నపిల్లాడు అన్నా, వాడికేం తెలుసు" అన్నాను. ఆయన సైకిలు ఆపాడు. కోపంగా కూడా లేడు.

"వాడికి మాటలొచ్చి ఎన్నాళ్లయిందిరా?"

"రెండేళ్లు, రెండున్నర."

"అయితే అప్పట్నుంచీ అంటున్నారన్నమాట" అని, పెడల్ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

ఊఁ.

గేటు చప్పుడైనట్టుంది. చూడు, మీ నాన్నేమో.